పెద్దగుడ్డ మీద నలభై వేసవులు

దేవుడు చేసిన ఆకాశం వాన వస్తే కారుతుంది. మా అమ్మమ్మ కుట్టిన ఆకాశం ముప్పై ఏళ్లలో ఒక్క చుక్క కారలేదు. ఊరి చివర మైదానంలో ప్రతి ఎండాకాలం మూడు రోజులు జరిగే సంగీతోత్సవానికి ఇప్పుడు లక్ష మంది వస్తున్నారు. అదంతా పాడేవాళ్ల గొంతు మహిమ అనీ, వాయించేవాళ్ల వేళ్ల మహిమ అనీ మీరు అనుకుంటూ ఉంటారు. వాళ్లంతా తర్వాత వచ్చినవాళ్లు. మా అమ్మమ్మ సూది పట్టకపోయి ఉంటే ఆ మైదానంలో ఈ రోజుకీ పచ్చి ఇటుకలే ఎండుతుండేవి. ఈ మాట ఆవిడ ఎదుట అంటే అదే సూదితో నన్ను పొడుస్తుంది.

అమ్మమ్మది లారీ కవర్లు కుట్టే పని. బస్సుల డిపో గోడకి ఆనుకుని మా దుకాణం. లోపల ఒక పొడుగాటి బల్ల, గుర్రాల్లాంటి రెండు మిషన్లు, గోడ నిండా మేకులకి వేలాడే దారం కండెలు, దారానికి పట్టించడానికి ఒక మైనం ముద్ద. వెనకాల గదిలో రెండు మంచాలు, ఒక స్టవ్వు. ఎప్పుడు చూసినా తడిసి ఆరిన గుడ్డ వాసన. నేను తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివి, రెండుసార్లూ అక్కడే ఉండిపోతే, "పుస్తకం ఎలాగూ నీ చేతిలో నిలవదు, సూదైనా నిలుస్తుందేమో చూద్దాం" అని మా అమ్మ నన్ను తెచ్చి ఈ బల్ల ముందు కూర్చోబెట్టింది. అది ఏడేళ్ల కిందటి మాట. అప్పటి నుంచీ అమ్మమ్మకి నేను మామూలప్పుడు ‘పండితురాల్ని’, కోపం వస్తే ‘ఒసేయ్’ని.

ఉత్సవం ఎలా మొదలైందో చెప్పాలి. ఆ మైదానం పక్కన ఒకప్పుడు ఇటుకల ఫ్యాక్టరీ ఉండేది. ఏడాది పొడుగునా మండే బట్టీని ఎండాకాలంలో ఒక్కసారి ఆర్పి, మూడు రోజులు చల్లార్చి, లోపల మసి గోకేవాళ్లు. గోకేవాళ్లకి తప్ప మిగతా కూలీలందరికీ ఆ మూడు రోజులూ సెలవు. ఫ్యాక్టరీలో ఒక బ్యాండు మేళం ఉండేది. వాళ్లు సాధన చేసే రేకుల షెడ్డులో ఎండాకాలం కూర్చుంటే మనిషి ఉడికిపోతాడు. అందుకని ఒక ఏడాది మేళంవాళ్లు వాయిద్యాలు పట్టుకుని మైదానంలోకి వచ్చేశారు. ఇళ్లలోంచి జనం చాపలు తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నారు. అంతే. ఫ్యాక్టరీ మూతపడి ఎన్నో ఏళ్లయినా, ఉత్సవం ఇంకా మూడు రోజులే జరగడానికి కారణం ఆ బట్టీ.

మేళానికి నాయకుడు బాకా ఊదే ఒక కుర్రాడు. ఇప్పుడు ఆయనకి అరవై దాటాయి, ఉత్సవ కమిటీకి అధ్యక్షుడు, నాకు బాకా తాత. మొదటి రోజు సాయంత్రం నాలుగింటికి ఎండలో బాకా మూతికి ఆనించగానే ఇత్తడి కాలి ఆయన పెదవి మీద బొబ్బ లేచింది. మర్నాడు పొద్దున్నే దుకాణానికి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఏదో ఒక నీడ చెయ్యి. లేకపోతే ఈ జన్మకి ఇంక ఊదలేను."

"ఊదకపోతే ఊరు బాగుపడుతుంది. ఎంత నీడ కావాలి?"

"పన్నెండు మందికి."

అమ్మమ్మ మూలన పడేసిన పాత లారీ కవర్లు ఆరు లాగి, చిరగని చోట్లు కత్తిరించి, మధ్యాహ్నానికి కలిపి కుట్టేసింది. ఫ్యాక్టరీలో లారీలకి లోడు తాళ్లు కట్టే మా తాతయ్య నాలుగు గుంజలు పాతి ఆ గుడ్డని పైకి లాగి కట్టాడు. ఏటేటా జనం పెరిగారు, గుడ్డా పెరిగింది. పదో ఏటికి నలభై అడుగుల పొడవు, ముప్పై అడుగుల వెడల్పు. దాన్ని మా ఇంట్లో ‘పెద్దగుడ్డ’ అంటాం.

ఇప్పుడు అమ్మమ్మ పని చేసే పద్ధతి చెబుతాను, ఎందుకంటే ఇలా ఇంకెవరూ చెయ్యరు. ఉత్సవానికి వారం ముందు, పొద్దున బస్సులన్నీ బయటికి పోయాక, ఖాళీ అయిన డిపో ఆవరణలో పెద్దగుడ్డని పరిచేవాళ్లు. అమ్మమ్మ చెప్పులు విడిచి, సుద్దముక్క కట్టిన కర్ర పట్టుకుని, ఒక అంచు నుంచి ఇంకో అంచుకి దాని మీద నడిచేది. గుడ్డ ఎక్కడ పలచబడిందో కళ్లకంటే ముందు అరికాళ్లకి తెలుస్తుందట. తెలిసిన చోట సుద్దతో గీత. తర్వాత కూర్చుని అతుకు. ఏ ఏటి అతుకుకి ఆ ఏటి దారం రంగు. గుడ్డ రంగులో కలిసిపోయే దారం వాడమని కమిటీవాళ్లు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

"చిరగడం ఊరంతా చూసింది. కుట్టింది కూడా చూడనీ, నేనేం దొంగతనం చేశానా?" అనేది.

అందువల్ల ఆ గుడ్డ చదవడం వచ్చినవాళ్లకి ఉత్సవం చరిత్ర మొత్తం అందులోనే ఉండేది. గోధుమరంగు దారం అయిదో ఏడు, మైకు స్టాండు పైకెత్తి పొడిచేసిన పాటగాడిది. ఆకుపచ్చది ఎనిమిదో ఏడు, సుడిగాలికి పదకొండు మూరలు చిరిగితే, కింద పాట ఆపకుండా పాడుతుంటే, ఇరవై మంది తాళ్లు పట్టుకుని నిలబడిన రోజుది. నల్లది పన్నెండో ఏడు, దీపం తగిలి కాలిన చోటు. వీటన్నింటి మధ్య, ఒక పక్కగా, మూరన్నర పొడవున ఎర్రదారం. ఇక్కడ రాసేదంతా ఆ మూరన్నర గురించే.

అది పదహారో ఏడు. అమ్మమ్మ స్టూలు మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఉత్సవం నాలుగు రోజుల్లో ఉంది. జన్మలో బొత్తాం కూడా కుట్టుకోని తాతయ్య సూది పట్టుకున్నాడు. బాకా తాత గుడ్డ ఆ చివర పట్టుకున్నాడు. అమ్మమ్మ కట్టు చెయ్యి ఊపుతూ తిట్లు మొదలుపెట్టింది.

"అది కుట్టా, చీమల బారా?"

"చీమలైనా సరే, వాన ఆపితే చాలు కదే."

"మీ చీమలు దారి తప్పాయి, చూడండి."

"చక్కెర నీ దగ్గరుంది మరి, అటే పోతాయి."

బాకా తాత ఇప్పటికీ ఈ మాట చెప్పి నవ్వుతాడు. ఆ ఏడాది వాన పడింది, కుట్టు కారలేదు. పై ఏడాది తాతయ్య పోయాడు. ఇటుక పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంది. అప్పటికి నేను పుట్టనే లేదు. ఆయన ఫొటో ఒకటుంది, అందులో మొహం మీద ఎవరిదో గొడుగు నీడ. ఆయన చేతి పని మాత్రం ఆ వంకర ఎర్రకుట్టు ఒక్కటే. మణికట్టు బాగయ్యాక దాన్ని విప్పి తిన్నగా కుట్టడం అమ్మమ్మకి పావుగంట పని. అప్పటి నుంచీ దాని జోలికి పోలేదు. అది కాలికి తగలగానే పక్కనుంచి నడిచేది.

ముప్పయ్యో ఏట మైదానంలో ఇనుప స్టేజీ వచ్చింది, దానికి ప్లాస్టిక్ కప్పు వచ్చింది. పెద్దగుడ్డ మడత పడి మా వెనక గదిలో మంచాల కిందికి చేరింది. అయినా అమ్మమ్మ ఏటా దాన్ని డిపోలో పరిచి నడిచేది. ఒకసారి నేనన్నాను:

"వాడని గుడ్డకి అతుకులెందుకు అమ్మమ్మా?"

"వాడని తలని నువ్వు రోజూ దువ్వుకోవట్లేదూ?"

తర్వాత ఆ విషయం నేను ఎత్తలేదు.

నలభయ్యో ఏడు వచ్చింది. ఉత్సవానికి రెండు నెలల ముందు బాకా తాత కార్లో దిగి, మా బల్ల ముందు ఎప్పటి స్టూలు మీదే కూర్చున్నాడు.

"అక్కా, పెద్దగుడ్డని మళ్లీ మైదానానికి తేవాలి. ఇప్పటి పిల్లలకి తెలియదు, ఇదంతా దేని కింద మొదలైందో."

అమ్మమ్మ మిషన్ ఆపింది. ఆవిడ ఎవరి కోసమూ మిషన్ ఆపదు.

"ఎక్కడ కడతావురా?"

"గేటు దాటి లోపలికి రాగానే, జనం తలల మీద. దాని కింద నుంచే అందరూ నడిచి రావాలి."

"ఎర్రకుట్టు కిందికి కనిపించేలా కట్టు. పైన పెడితే పావురాలు చూస్తాయి."

"నాకు చెప్పాలా అక్కా? ఆ రోజు ఆ చివర పట్టుకున్నది నేనే. నా పెదవి మీద ఒట్టు."

బాకా ఊదేవాడికి అంతకంటే పెద్ద ఒట్టు లేదు. అమ్మమ్మ ఆ సాయంత్రం అంతా కూనిరాగం తీస్తూనే ఉంది. శ్రుతి ఎక్కడా లేదు. నేను చెవుల్లో దూది పెట్టుకుంటే, సూది గుచ్చుకోకుండా అరచేతికి కట్టుకునే తోలు పట్టీ విసిరింది.

రెండు రోజులకి కమిటీ ఆఫీసు నుంచి ఒకమ్మాయి కాగితాలు తెచ్చింది. మూడు పేజీలు. అమ్మమ్మకి కంట్లో శుక్లాలు, చిన్న అక్షరాలు ఆనవు. "పండితురాలా, చదువు" అంది. నేను రేడియోలో వార్తలు చదివినట్టు గొంతు సవరించుకుని మొదటి పేజీ చదివాను. ‘సంగీతోత్సవ చరిత్రలో చిరస్మరణీయమైన సేవ’ అని ఉంది, ‘అపురూపమైన వారసత్వం’ అని ఉంది. అమ్మమ్మ సిగ్గుపడి మైనం ముద్దని పిసికింది. రెండో పేజీ తిప్పితే చీమ తలకాయంత అక్షరాలు, అంకెలు వేసి అరవై దాకా వాక్యాలు. నాకు ఆవులింత వచ్చింది.

"మిగతాది కూడా ఇలాంటి పొగడ్తే అమ్మమ్మా."

"అంతా చదివావా?"

"ఆఁ, చూశాను."

ఆ అమ్మాయి వేలు పెట్టి చూపించిన చోట అమ్మమ్మ సంతకం చేసింది. దాని కింద ‘పూర్తిగా చదివి వినిపించినవారు’ అన్న చోట నేను చేశాను. నా సంతకం బాగుంటుంది. చదువు అబ్బకపోయినా సంతకం మాత్రం అబ్బింది.

గుడ్డ పంపే ముందు డిపోలో పరిచి ఇద్దరం ఉతికాం, ఆరబెట్టాం. నన్ను కూడా చెప్పులు విడిచి నడవమంది. అదే మొదటిసారి. ఎర్రకుట్టు దగ్గర ఆగి, "ఇక్కడ నెమ్మది, పక్క నుంచి రా" అంది.

ఉత్సవం మొదటి రోజు మధ్యాహ్నం అమ్మమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. ముందు వరసలో కూర్చోమని పాసు పంపారు. గేటు దాటాం. తలెత్తి చూసింది. పైన ఆకాశం, రంగురంగుల జెండాలు.

"ఇంకా కట్టలేదేమో."

"స్టేజీ దగ్గర కట్టారేమోలే."

స్టేజీ దగ్గరా లేదు. ముందు వరసలో కూర్చున్నాం. మైకులో ఒకాయన నలభై ఏళ్ల చరిత్ర చదివాడు, ఫ్యాక్టరీ, మేళం, బట్టీ. తర్వాత నలభై మంది పెద్దమనుషుల్ని ఒక్కొక్కరినే పైకి పిలిచి తలా ఒక ఫ్రేము ఇచ్చారు. అద్దం వెనక జానెడు చదరం గుడ్డ ముక్క, కింద బంగారు అక్షరాలు: ‘తొలి వేదిక పైకప్పు నుంచి’. చప్పట్లు. నలభయ్యో పేరు అమ్మమ్మది.

ఆవిడ మెట్లెక్కి ఫ్రేము అందుకుంది. మైకు ఇస్తే పక్కకి తోసి దిగి వచ్చింది. నా పక్కన కూర్చుని అద్దం మీద బొటనవేలు అటూ ఇటూ రాసింది. ముక్క మీద ఒక్క అతుకు లేదు, ఒక్క రంగుదారం పోగు లేదు. శుభ్రమైన, తిన్నని గుడ్డ.

"లే," అంది.

స్టేజీ వెనక కమిటీ గది. బల్ల మీద చరిత్ర పుస్తకాల కట్టలు, తిరుగుతున్న ఫ్యాను. బాకా తాత కొత్త కోటు వేసుకుని, బాకా తుడుచుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు.

"నచ్చిందా అక్కా? నీకు అన్నింటికంటే మంచి ముక్క తీసి పెట్టించాను."

"గుడ్డ ఏదిరా?"

"అదేగా... నలభై ముక్కలు, నలభై ఏళ్లకి. అందరూ ఇంట్లో పెట్టుకుంటారు. గుడ్డ ఊరంతటిదీ అవుతుంది."

"తలల మీద కడతానన్నావు."

బాకా తాత బాకా బల్ల మీద పెట్టాడు. "అనుకున్నాను. నలుగురూ ఏమన్నారంటే... అన్ని అతుకులున్న గుడ్డ గుమ్మంలో వేలాడదీస్తే బీదగా కనిపిస్తుందన్నారు. పెద్ద పెద్దవాళ్లు వస్తారు కదా."

"అతుకులున్నవి ఏం చేశారు?"

"పక్కన పెట్టమన్నాను."

"ఎక్కడ?"

ఆయనకి తెలియదు. తెలియదని మొహంలోనే కనిపిస్తోంది. ఆ మొహం దాచుకోవడానికి సొరుగులోంచి కాగితాలు తీశాడు.

"మేం చెప్పకుండా చెయ్యలేదక్కా. ఇదిగో, రెండో పేజీలో ఉంది. ‘కమిటీ తన అవసరాన్ని బట్టి ఈ గుడ్డను ఏ రూపంలోకైనా మార్చుకోవచ్చు, కత్తిరించవచ్చు.’ నీ సంతకం ఉంది. చదివి వినిపించినట్టు నీ మనవరాలిదీ ఉంది."

అమ్మమ్మ కాగితం చూడలేదు. నన్ను చూసింది.

"ఇది చదివావా?"

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు నాకింకా గుర్తుంది. బయట ఎవరో వీణ శ్రుతి చేసుకుంటున్నారు.

"లేదు అమ్మమ్మా. చిన్న అక్షరాలు... బద్ధకించాను."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆయన వైపు తిరిగింది.

"ఈ పిల్ల చదవలేదు, సరే. నువ్వు చదవక్కర్లేదు కదరా. ఆ కుట్టు ఎవరిదో నీకు తెలుసుగా. పక్కనే కూర్చున్నావుగా."

బాకా తాత పెదవి తుడుచుకున్నాడు. అంతలో ఎవరో తలుపు తోసి, "సార్, మీరే, మొదటి పాట" అన్నారు. ఆయన బాకా తీసుకుని వెళ్లిపోయాడు.

మేం స్టేజీ వెనక వెతికాం. కరెంటు వైర్లు లాగేవాళ్లు వైరు చివరలకి గుడ్డ పీలికలు చుట్టారు. అందులో గోధుమరంగు దారం దొరికింది. వెనక గేటుకి గొళ్లెం లేకపోతే పీలికతో కట్టారు, అది ఆకుపచ్చది. అమ్మమ్మ ముడి విప్పి, గేటుకి తన చీర పిన్నీసు తీసి పెట్టింది. నల్లది జనరేటర్ కింద ఉంది, కారే నూనె పీల్చడానికి వేశారు. జనరేటర్ మనిషి భయపడ్డాడు.

"పాత గుడ్డే అన్నారమ్మా, తీసుకోమన్నారు."

"నీ తప్పేముంది నాయనా. ఇందులో ఎర్రదారం ఉన్నది చూశావా? వంకరగా ఉంటుంది."

"వంకరగా... ఆ, చూశానమ్మా. పొద్దున చెత్తబండికి ఎక్కించేశారు."

అమ్మమ్మ స్టేజీ వైపు తిరిగింది. ముందు వైపు నుంచి బాకా వినిపిస్తోంది, మొదటి ఏడు ఊదిన పాటేనట. జనం ఈలలు వేస్తున్నారు.

"రెండో చరణంలో వీడికి ఇప్పటికీ ఊపిరి చాలదు," అంది.

తర్వాత చేతిలోని ఫ్రేము తిప్పి, వెనకున్న మేకులు వేలితో ఊడదీసి, శుభ్రమైన ముక్క బయటికి తీసి, నూనె చుక్క పడుతున్న చోట పరిచింది. దాని బదులు నల్లదారం పీలిక తీసుకుంది. "నీకూ గుడ్డ కావాలి కదా నాయనా," అంది జనరేటర్ మనిషితో. ఖాళీ ఫ్రేము నా చేతికిచ్చింది. ఇంటి దాకా నేనే మోశాను.

మర్నాడు నేను చెత్త పోసే చోటికి వెళ్లాను. రెండు రోజులు కర్రతో కెలికాను. ఇంటికి కంపు కొట్టుకుంటూ వస్తే వాకిట్లో నీళ్ల బకెట్ ఉండేది. ఏమైందని అమ్మమ్మ అడగలేదు. దొరికి ఉంటే నా మొహంలోనే తెలిసేదేమో.

వారానికి బాకా తాత వచ్చాడు. బాకా సంచి పిగిలిందని తెచ్చాడు. చేత్తో కావాలని లాగి పిగల్చినట్టుంది. అమ్మమ్మ స్టూలు జరిపింది. టీ ఇప్పించింది. సంచి తిప్పి చూసింది.

"ఎల్లుండి ఇస్తాను. మీరు రానక్కర్లేదు, ఎవరినైనా పంపండి."

ఆయన టీ గ్లాసు అలాగే పట్టుకున్నాడు. నలభై ఏళ్లలో ఆవిడ ఆయన్ని ‘మీరు’ అనడం అదే మొదలు.

"అక్కా, ఒరే అను. తిట్టు. మీరంటావేంటి?"

"దుకాణానికి వచ్చినవాళ్లని ఇంకేమంటామండీ?"

ఆయన వెళ్లిపోయాక టీ గ్లాసు నేనే కడిగాను. సగం మిగిలి ఉంది.

నాతో మాత్రం ఆవిడ పని మాటలు తప్ప మాట్లాడటం లేదు. సూది, దారం, అటు లాగు, ఇటు పట్టు. ‘పండితురాలా’ అన్న పిలుపు పోయింది. ‘ఒసేయ్’ ఒక్కటి మిగిలింది. దానికే ఎక్కడ ‘అమ్మా, మీరు’ వచ్చి పడుతుందోనని రోజూ బెదురుతూ కూర్చుంటున్నాను.

ఉత్సవంవాళ్ల చరిత్ర పుస్తకం ఒకటి తెచ్చుకుని, ఈసారి మొదటి నుంచి చివరి దాకా, చిన్న అక్షరాలతో సహా చదివాను. పెద్దగుడ్డ గురించి నాలుగు వాక్యాలున్నాయి. తాతయ్య లేడు. అందుకని ఇది రాశాను, నాకొచ్చిన తెలుగులో. ఇది కూడా దొంగచాటుగా పత్రికకి పంపితే రెండో తప్పవుతుంది. అందుకని నిన్న సాయంత్రం ఆవిడ బల్ల ముందు కూర్చుని అంతా చదివి వినిపించాను. ఏ పేజీ వదల్లేదు. మొదటి మాటలకి "నీ మొహం, ఆకాశమేంటి" అంది. పదకొండు మూరలు కాదు, పది అంది. నేను మార్చలేదు. చక్కెర మాట దగ్గర సూది ఆగింది. మణికట్టు ఒకసారి తడుముకుంది.

అయిపోయాక కాగితాలు సర్దుకుంటూ అడిగాను.

"అమ్మమ్మా, చివర్లో నన్ను క్షమించావని ఒక ముక్క రాసుకోనా?"

దారం పళ్లతో కొరికి తెంపింది.

"క్షమించలేదు. చెయ్యనిది చేశానని రాయకు. లే, మిషన్ దగ్గర కూర్చో."